ఆఖర్న ముట్టుకున్నదెవరు?

జవాబు చెప్పడం ఆరోగ్యానికి మంచిది కాదు. ఈ మాట ఊరికే అనడం లేదు. ముప్పై ఒక్క సంవత్సరాల పాటు అడిగినవాడికల్లా జవాబులు చెప్పి, రక్తపోటు తెచ్చుకుని, జుట్టంతా పోగొట్టుకుని, స్వానుభవం మీద అంటున్నాను.

నా పేరు గురునాథరావు. విశాఖపట్నం రేవులో ఓడల్లోంచి సరుకు దింపించి గోడౌన్లకు చేర్చే ఒకానొక కంపెనీలో హెడ్ క్లర్కుని. కంపెనీ పేరు మాత్రం అడక్కండి. ఇంకా అయిదు నెలల సర్వీసుంది. ఆపైన రెండేళ్ళు ఎక్స్‌టెన్షన్ ఇస్తారన్న ఆశ కూడా ఉంది.

పూర్వం మా బతుకు ఎలా ఉండేదో మీకు తెలీదు. బస్తాలు మోసే ఎవడో ఒక కలాసీ కిటికీ దగ్గరకొచ్చి “బాబూ, నా పేరెక్కడుందండీ?” అనేవాడు. వెంటనే నేనేం చెయ్యాలి? బీరువా తాళం తియ్యాలి. మూరెడు పొడుగు రిజిస్టరు దింపాలి. దుమ్ము దులపాలి. తుమ్మాలి. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాలి. అంతసేపూ ఆ మనిషి ఊచలకు మొహం ఆనించి, నా వేలు ఎక్కడాగుతుందా అని చూస్తూ ఉంటాడు.

పేరుంటే ఉందని చెప్పాలి. లేకపోతే ఎందుకు లేదో చెప్పాలి! అదేమన్నా తేలికా? రాత నాదే. సిరా నాదే. “ఇది మీ రాతే గదా బాబూ” అంటాడు. ఇక పారిపోవడానికి సందెక్కడిది? నాలిక్కరుచుకుని, పేరు రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి పంపాల్సి వచ్చేది. ఇలా రోజుకి పదిమంది. మనిషన్నవాడు ఎన్నాళ్ళు తట్టుకోగలడు చెప్పండి!

ఇంతలో భగవంతుడు మా మొర ఆలకించాడు. మా కంపెనీకి కంప్యూటర్ వచ్చింది.

రేవు గాలికి పాడైపోతుందని దాన్ని తీసుకెళ్ళి ద్వారకానగర్లో ఒక మేడ మీద పెట్టారు. ఆ మేడ కింద వాటాలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దున ఆరింటి నుంచి ముప్పై మంది టకటకా కొట్టేవారు. మెట్ల దాకా వచ్చిన మా కలాసీలు ఆ చప్పుడే కంప్యూటరనుకుని, అక్కణ్ణుంచే దండం పెట్టుకుని దిగిపోయేవారు. చాలామంది సమస్యలు అలాగే తీరిపోయాయి.

పైకి వెళ్ళగలిగినవాళ్ళు గుమ్మం బయట చెప్పులు విడవాలి. లోపల ఏసీ. మే నెలలో మా సెక్షన్ పనంతా ఎందుచేతనో ఆ గదిలోనే ఉండేది. సోడాబుడ్డి కళ్ళద్దాల వాళ్ళ నుంచి ప్యూన్ల దాకా, అందరికీ కంప్యూటర్ మీద ఒక్కసారిగా శ్రద్ధ పుట్టింది. విజ్ఞానం పట్ల మన జాతికి ఉన్న ఆసక్తి ఏపాటిదో నాకు అప్పుడు అర్థమైంది.

దాన్ని నడిపే ప్రోగ్రామర్ విజయరత్నం. జ్ఞానాపురం కుర్రాడు. మద్రాసులో ఏడాది ట్రైనింగయి వచ్చాడు. చాలా మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీదట చదివేది చదివాక మీరలా అనుకోరు.

మొదటి నెలలోనే హాజరు లిస్టులో మంగళవారం రెండుసార్లు వచ్చింది. నేను ఆ కాగితం పట్టుకుని మేడెక్కాను. గట్టిగా అడుగుదామనే వెళ్ళాను.

“ఇదేమిటి బాబూ, వారానికి ఎనిమిది రోజులొచ్చాయి!” అన్నాను.

విజయరత్నం కాగితం వంక చూడలేదు. నా వంక చూశాడు.

“ఇంతకుముందు బాగానే వచ్చేదా సార్?” అన్నాడు.

బాగానే వచ్చేది. ఆ మాటే చెప్పాను.

“మరి మధ్యలో ఏం మార్చారు?”

“నేనేమీ మార్చలేదే!”

“ఆఖర్న ముట్టుకున్నదెవరు?”

“ఏమో, తెలీదు.”

“మళ్ళీ అలాగే వచ్చేలా మీరొకసారి చేసి చూపించగలరా?”

నేనెలా చూపిస్తాను? వారాలు కనిపెట్టింది నేనా?

“మద్రాసులో ఇదే ప్రోగ్రాము చక్కగా నడుస్తోంది సార్. మీకే ఎందుకిలా వస్తోంది?” అన్నాడు. అడిగిన తీరు ఎంతో మర్యాదగా ఉంది. నాకే సిగ్గేసింది. ఏదో తప్పు చేసినవాణ్ణిలా తలవంచుకుని మెట్లు దిగాను. టైపు ఇన్‌స్టిట్యూట్ దాటి, బస్ కాంప్లెక్స్ దాకా నడిచాక గానీ గుర్తు రాలేదు, నేను వెళ్ళింది జవాబు కోసమని!

ఆ క్షణాన నా కళ్ళు తెరుచుకున్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళు ఎంత వెర్రివాణ్ణి! ప్రశ్న అడిగినవాడికి ప్రశ్నే తిరిగిచ్చెయ్యొచ్చని ఒక్కడైనా నాకు చెప్పాడా? రిజిస్టరు అక్కర్లేదు. దుమ్ము అక్కర్లేదు. వచ్చినవాడు ఫిర్యాదీగా వచ్చి ముద్దాయిగా వెళ్తాడు. ఇంతకన్నా గొప్ప సదుపాయం ఏ శాస్త్రమైనా ఇచ్చిందా?

మంచి విషయం తెలిశాక ఆఫీసులోనే దాచుకోవడం స్వార్థం కదా. ఇంట్లో ప్రయోగించాను.

ఒకరోజు పొద్దున్నే మా ఆవిడ రామలక్ష్మమ్మ, “పాలు విరిగిపోయాయి. చూసి తెమ్మన్నాను కదా, ఎందుకిలాంటివి తెచ్చారు?” అంది.

“ఇంతకుముందు విరిగేవా?” అన్నాను ప్రశాంతంగా.

“లేదు.”

“మధ్యలో గిన్నె మార్చావా? ఆఖర్న ముట్టుకున్నదెవరు?”

ఆవిడ ఆలోచనలో పడింది. ఆఖర్న ముట్టుకున్నది మా అత్తగారు. మూడు రోజులు తల్లీ కూతుళ్ళు మాట్లాడుకోలేదు. ఆ మూడు రోజులూ నేను పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా, టెండర్ నోటీసులతో సహా, ఎవరూ కదిలించకుండా చదువుకున్నాను.

నాలుగో రోజు ఆదివారం. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎప్పుడూ చేపలమ్మే తవిటమ్మతో గొడవ పెట్టుకున్నాను. కిందటివారం ఇచ్చిన వంజరం మెత్తగా ఉందన్నాను.

తవిటమ్మ బుట్ట మీద నీళ్ళు చిలకరిస్తూ, “మీ పక్కింటోలు అదే సేప పట్టుకెల్లినారు బాబూ. బాగున్నాదంతన్నారు. మీకే ఏటలగొచ్చింది?” అంది.

చూశారా! ఆవిడకి మద్రాసు ట్రైనింగ్ అక్కర్లేకపోయింది. వంజరం డబ్బు వదులుకుని, మారు మాట్లాడకుండా ఇంకో చేప కొనుక్కుని ఇంటికొచ్చాను. ఆ చేప కూడా మెత్తగానే ఉంది.

ఈ పద్ధతి దేశమంతా వ్యాపిస్తే ఎంత హాయిగా ఉంటుందో ఆలోచించండి. మీరు వీధి కుళాయిలో నీళ్ళు రాలేదని మునిసిపాలిటీకి వెళ్తారు. “ఇంతకుముందు వచ్చేవా?” అంటారు. కడుపునొప్పని డాక్టరు దగ్గరకెళ్తారు. “మళ్ళీ ఒకసారి తెప్పించుకుని చూపించండి” అంటాడు. రైలు రాలేదని స్టేషన్లో అడుగుతారు. “ఆపి మళ్ళీ బయల్దేరదీసి చూశారా?” అంటారు. ఎవరికీ కోపం రాదు. ఎవరి తప్పూ ఉండదు. అందరూ ఆలోచిస్తూ ఇంటికెళ్ళిపోతారు. ఇంతకన్నా శాంతి ఎక్కడైనా ఉంటుందా?

అయితే ఎంత మంచి ఏర్పాటుకైనా అర్థం చేసుకోలేని మూర్ఖుడు ఒకడు తగులుతాడు. మాకు తగిలినవాడి పేరు అప్పలసూరి.

అప్పలసూరిది పద్మనాభం పక్కన పల్లె. ఎకరం వరి చేను. పన్నెండేళ్ళుగా రోజూ మొదటి బస్సుకి వచ్చి మా దగ్గర క్యాజువల్ కలాసీగా బస్తాలు మోస్తున్నాడు. క్యాజువల్ అంటే ఏమిటో చెప్తాను. ఓడ వస్తే పని, రాకపోతే ఇంటికి పో. చెయ్యి విరిగితే అసలే ఇంటికి పో. పోయినేడాది నుంచి అతని కుడి భుజం పట్టేసి, చెయ్యి చెవి దాకా లేవడం మానేసింది. పర్మినెంటు అయితే తేలికపాటి పనిలో, గేటు దగ్గరో తూకం దగ్గరో వేస్తారు. కాకపోతే ఆ భుజంతో ఇంకో ఏడాది కూడా నెగ్గుకురాలేడు. అది అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

ఈ సంవత్సరం దసరా వెళ్ళాక, పాత క్యాజువల్ వాళ్ళందరినీ పర్మినెంటు చెయ్యడానికి కంప్యూటర్ చేత లిస్టు వేయించారు. అర్హులు రెండువందల పద్నాలుగు మంది. లిస్టులో వచ్చినవి రెండువందల పదమూడు పేర్లు. రానిది అప్పలసూరి పేరు. విచిత్రమేమంటే, సర్వీసులో అందరికన్నా సీనియర్ అతనే!

ఇంకొక సంగతి. నలభై నిండినవాణ్ణి పర్మినెంటు చెయ్యకూడదని రూలు. అప్పలసూరికి డిసెంబరు రెండో తారీఖుకి నలభై నిండుతాయి.

అప్పలసూరి నా కిటికీ దగ్గరకొచ్చాడు. పూర్వమైతే బీరువా తెరిచేవాణ్ణి. ఇప్పుడు నాకా ఖర్మేమిటి? “కంప్యూటర్లో లేదయ్యా” అని, ద్వారకానగర్ తీసుకెళ్ళి విజయరత్నం ముందు నిలబెట్టాను. నేను ఏసీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

“లిస్టులో నా పేరు నేదు బాబూ” అన్నాడు అప్పలసూరి.

“ఇంతకుముందు లిస్టుల్లో ఉండేదా?”

“ముందు లిస్టే నేదు గదా బాబూ. ఇదే మొదటిది.”

“సరే. ఈ మధ్య నీలో ఏమైనా మార్పు జరిగిందా?”

“నాలోనా?” అప్పలసూరి తన చేతులూ కాళ్ళూ చూసుకున్నాడు. “తిరపతెల్లి గుండు సేయించినాను బాబూ. దానికేనేటి?”

విజయరత్నం ఆ సంగతి కాగితం మీద రాసుకున్నాడు. నా ఈ రెండు కళ్ళతో చూశాను, రాసుకున్నాడు!

“మిగతా రెండువందల పదమూడు మందికీ రాని ఇబ్బంది నీకొక్కడికే ఎందుకొచ్చింది?”

“అదే నాను మిమ్మల్నడుగుతన్నాను బాబూ.”

“మేమూ నిన్ను అదే అడుగుతున్నాం.”

పాపం, ఇద్దరూ ఒకరినొకరు ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. అంత చక్కటి శాస్త్ర చర్చ నేనెప్పుడూ వినలేదు.

ఆ తరవాత అప్పలసూరి ఆరుసార్లు వచ్చాడు. వచ్చిన రోజల్లా ఒక ఓడ పని పోయినట్టే. వచ్చినప్పుడల్లా విజయరత్నం అతని ఎదురుగానే మళ్ళీ లిస్టు వేయించేవాడు. ప్రింటర్ గరగరమని చప్పుడు చేసేది. అప్పలసూరి రెండు చేతులూ కట్టుకుని, ఆసుపత్రి గది బయట నిలబడ్డట్టు నిలబడేవాడు. రెండువందల పదమూడు పేర్లు వచ్చేవి.

“చూశారా సార్! ఎన్నిసార్లు వేసినా ఒకేలా వస్తోంది. అంటే ప్రోగ్రాములో తప్పు లేనట్టే!” అనేవాడు విజయరత్నం. అతని మొహం వెలిగిపోయేది. నాక్కూడా సంతోషంగా ఉండేది. అప్పలసూరి మాత్రం మా సంతోషంలో పాలుపంచుకునేవాడు కాదు. చెప్పాను కదా, మూర్ఖుడు.

మరి కార్డు తీసి చూడొచ్చు కదా అని మీరడగొచ్చు. కంప్యూటర్ సంగతి తెలియనివాళ్ళు అలాగే అడుగుతారు. మనిషికొక కార్డు ఉంటుంది. శుభలేఖంత మందం అట్ట. పేరూ, చేరిన తేదీ, అర్హత, అన్నీ అందులో చిన్న చిన్న చిల్లులే. యంత్రం వాటిని ఒక్కసారే చదివి టేపు మీద దాచుకుంటుంది, ఆపైన ఎన్ని లిస్టులు వేసినా ఆ టేపులోంచే. మన ఊరి చెమ్మకి ఆ కార్డులు అప్పడాల్లా మెత్తబడతాయి. కట్ట విప్పితే వరస తప్పుతుందేమో, కింద పడితే కొంప మునుగుతుందేమో అని ఎవరూ ముట్టుకోరు. యంత్రం చదివే కార్డుని మనిషి చదవడం మర్యాద కూడా కాదు.

నవంబరు ఇరవై నాలుగో తారీఖున అప్పలసూరి తన పెళ్ళాం నూకాలుని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ చెప్పుల్లేని మనిషి. అందుకని గుమ్మం దగ్గర ఆగకుండా తిన్నగా లోపలికొచ్చేసింది. విజయరత్నం మామూలు ప్రశ్నలు మొదలెట్టాడు. నూకాలు మూడు ప్రశ్నలు ఓపిగ్గా వింది. నాలుగోది విన్లేదు.

“ఓలమ్మో! ఇంతమంది సదువుకున్నోలున్నారు. ఆ అట్టముక్క తీసి ఓపాలి సూడ్డానికి ఎవలికీ సేతుల్నేవేటి?” అంది.

“అలా చూడరమ్మా” అన్నాడు విజయరత్నం.

“మరెలగ సూత్తారు?”

దానికి అతని దగ్గర జవాబు లేదు. ఆశ్చర్యమేమంటే, ప్రశ్న కూడా లేదు. లేచి వెళ్ళి బీరువా తెరిచి, కార్డుల కట్ట తెచ్చి, తాడు విప్పాడు. సీనియారిటీ వరస కాబట్టి అందరికన్నా పైనున్న కార్డు అప్పలసూరిదే.

నూకాలు వంగి చూసింది. “ఏటిదీ! అందరివీ ఉత్త అట్టలు. మావోడి దానికొక్కదానికీ నాలుగు మూలలా పసుపెట్టినారు. ఏ పెళ్ళికేటి?”

విజయరత్నం కార్డుని ట్యూబులైటు కేసి ఎత్తి పట్టుకున్నాడు. ఎడమ పక్క కింది మూలన ఒక చిల్లుండాలి. ఈ మనిషి అర్హుడు అని చెప్పే చిల్లు అదే. ఆ చిల్లులో పసుపు ఎండి గట్టిపడిపోయింది. యంత్రానికి చిల్లు కనబడలేదు. చిల్లు కనబడకపోతే అది కేకలెయ్యదు, అడగదు. గుట్టుచప్పుడు కాకుండా తరవాతి కార్డుకి వెళ్ళిపోతుంది.

అతను గోటితో గీరాడు. పసుపు రాలింది. చిల్లులోంచి వెలుతురు వచ్చింది.

“ఇది ఆఖర్న ముట్టుకున్నదెవరు?” అన్నాడు విజయరత్నం. ఈసారి మర్యాదగా అడగలేదు. నిజంగా అడిగాడు.

పాఠకులారా, మీ దగ్గర దాపరికం ఎందుకు? నేనే!

దసరా ఆయుధపూజ నాడు మా మేనేజరుగారు “పెద్దవారు, మీరే చెయ్యండి” అన్నారు. యంత్రానికి గంధం పూశాను, బొట్లు పెట్టాను. లోపల నీటిచుక్క పడకూడదని విజయరత్నం అందరినీ మెట్ల దగ్గరకు తీసుకెళ్ళి కొబ్బరికాయ అక్కడ కొట్టించాడు. గదిలో నేనొక్కణ్ణే మిగిలాను. బల్ల మీద కార్డుల కట్ట. రెండువందల పద్నాలుగు మంది బతుకులు బాగుపడే కట్ట! శుభానికి బయల్దేరే కాగితాన్ని నాలుగు మూలలా పసుపు రాయకుండా పంపడం మా ఇంటా వంటా లేదు. పై కార్డుకి నిండుగా, ఏ మూలా తక్కువ కాకుండా, తడి పసుపు రాశాను. మొత్తం కట్టకి నేను కోరుకున్న శుభమంతా ఆ ఒక్క మనిషి మీద పడింది.

విజయరత్నం అడిగినప్పుడు నేనేం చేశానంటారా? తుమ్మాను. ఏసీ పడదని చెప్పి మెట్లు దిగిపోయాను.

అక్కడితో కథ సుఖంగా ముగియాలి. చిల్లు దొరికింది కదా, పేరు చేర్చేస్తే సరిపోతుంది కదా? కానీ లిస్టు అప్పటికే కలకత్తా హెడ్డాఫీసుకి వెళ్ళిపోయింది. వెళ్ళిన లిస్టు మార్చాలంటే ఒక ఫారం ఉంది. నవంబరు ముప్పై లోపల అందాలి. ఆ ఫారంలో ఒక గడి ఉంది: ‘పొరపాటు చేసిన ఉద్యోగి పేరు, హోదా, సంతకం.’ యంత్రం పొరపాటు అనే గడి లేదు. యంత్రం అమ్మినవాళ్ళు అది పొరపాటు చెయ్యదని రాసిచ్చారట! కాబట్టి తప్పు మనిషిదైతేనే దిద్దుతారు. ఏ మనిషిదీ కాకపోతే తప్పు లేనట్టే. తప్పు లేకపోతే దిద్దేదేమిటి?

అంటే ఎవరో ఒకరు ‘తప్పు నాది’ అని సంతకం పెడితే అప్పలసూరి పర్మినెంటు. పెట్టకపోతే డిసెంబరు రెండున అతనికి నలభై నిండుతాయి.

ఆ ఫారం నింపించే బాధ్యత ఎవరికి అప్పగించారో తెలుసా? సీనియర్ మోస్ట్ హెడ్ క్లర్కు గురునాథరావుకి!

పక్క సీటు శ్రీరామ్మూర్తికి ఒక్కడికే సంగతి చెప్పాను. “బావా, నీకేటి పిచ్చా? అయిదు నెలల్లో రిటైరైపోతావు. ఎక్స్‌టెన్షన్ ఫైలు పైనుంది. మచ్చ పడితే ఇత్తారేటి? మిషను మీద తోసీ. అదేటి కోర్టుకెల్తదా, నీ మీద పిటీషనెడతదా?” అన్నాడు. నా మేలు కోరేవాడు కాబట్టి అన్నాడు.

నాకు నచ్చింది. ఇంటికెళ్ళి, నేర్చుకున్న ప్రశ్నలన్నీ నా మీద నేనే వేసుకున్నాను. ఇంతకుముందు బాగానే పనిచేసిందా? చేసింది, ముప్పై ఒక్క ఏళ్ళు. మధ్యలో ఏమైనా మార్చానా? ఏమీ మార్చలేదు, చిన్నప్పట్నుంచీ పసుపు అలాగే రాస్తున్నాను. మళ్ళీ చేసి చూపించగలనా? ఎందుకు చూపిస్తాను? అంతా సాఫీగా సాగింది. ఆఖర్న ముట్టుకున్నదెవరు అన్న దగ్గర మాత్రం ఆగిపోయింది. ఆ దిక్కుమాలిన ప్రశ్న ఒక్కదానికే జవాబుంది.

అందుకని ఈ వ్యాసం మొదలెట్టాను. కంప్యూటర్ వల్ల మానవజాతికి కలిగిన మేలు గురించి మీకు నచ్చచెప్పి, మీకు నచ్చచెప్పినంత సేపట్లో నాకూ నచ్చచెప్పుకుని, ఫారం ఖాళీగా కలకత్తా పంపేద్దామని నా ఆలోచన. ఇరవై ఏడో తారీఖుకి, పైన మీరు చదివిన మునిసిపాలిటీ కుళాయి దాకా రాశాను. చాలా బాగా వస్తోంది అనుకున్నాను.

ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున అప్పలసూరి నా కిటికీ దగ్గరకొచ్చాడు.

“ఈయాల అడగడానికి రానేదు బాబూ” అన్నాడు. “ఇంక అడగను. అడిగీ అడిగీ మిమ్మల్నందర్నీ ఇబ్బంది పెట్టీసినాను.”

నేను ఫైలు చూస్తున్నట్టు నటించాను.

“మిషనుది తప్పు కాదంతన్నారు. ఆ కుర్రబాబుదీ కాదు. మీరా, పెద్దోలు. ఎవలిదీ కాదంతే మరింక నాదే అయ్యుంటది. ఏటి సేసినానో నాకు తెల్దు గానీ, ఏదో సేసే ఉంటాను.” ఎడమ చేత్తో ఊచ పట్టుకుని కాస్త లోపలికి వంగాడు. “ఆ కాగితం మీద ఎవలో ఒకలు తప్పు ఒప్పుకోవాలంట గదా బాబూ. నానేసీనా ఏలిముద్ర?”

అబ్బ! నాకు ఒళ్ళు మండిపోయింది. అతని మీద కాదు. అంతసేపూ నేనెంతో మురిసిపోయిన ఈ ఏర్పాటంతా ఎక్కడికి చేరుతుందో అప్పుడు కళ్ళకు కట్టింది. ఇంతమందిమి తప్పుని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి తోసుకుంటూ వచ్చాం. తోయడానికి ఇంకెవరూ లేని మనిషి దగ్గరకెళ్ళి అది ఆగింది. అతను దాన్ని కాదనకుండా తీసేసుకుంటున్నాడు. మా ఖాతాలోంచి తప్పు పోవడమంటే ఇదన్నమాట!

“నోరు మూసుకో” అన్నాను గట్టిగా. పాపం, బెదిరిపోయాడు.

బల్ల సొరుగు లాగి ఫారం తీశాను. అతని ఎదురుగానే గడిలో నా పేరు రాశాను. హోదా రాశాను. సంతకం చేశాను. వివరాలు రాయమన్న చోట ‘దసరా నాడు కార్డుకి పసుపు రాసితిని’ అని రాశాను. కలకత్తా వాళ్ళకి పసుపు ఎందుకు రాస్తారో తెలుస్తుందో తెలీదో అని, ‘శుభం కోరి’ అని కూడా చేర్చాను. ఆ సాయంత్రమే టెలెక్స్ ఇచ్చి, కాగితం మెయిల్లో పంపించాను.

డిసెంబరు ఒకటో తారీఖున ఆర్డరు వచ్చింది. అప్పలసూరి తూకం దగ్గర పర్మినెంటు. నూకాలు వచ్చి, “ఇంకెప్పుడూ మావోడికి మంచి కోరకండి బాబూ” అని చెప్పి వెళ్ళింది. ఎక్స్‌టెన్షన్ ఇచ్చినవాళ్ళ లిస్టు కూడా ఆ వారమే వచ్చింది. అందులో నా పేరు లేదు. నేను ద్వారకానగర్ వెళ్ళి అడగలేదు.

మా ఆఫీసులో మాత్రం నా పరువు మట్టిగొట్టుకుపోయింది. మేనేజరుగారు కనబడితే మొహం తిప్పుకుంటున్నారు. చెడ్డ అలవాటు మొదలెట్టానట. శ్రీరామ్మూర్తి ‘బావా’ అనడం మానేసి ‘రావుగారూ’ అంటున్నాడు. విజయరత్నం ఒక్కడే నా దగ్గరకొచ్చి, “కార్డు నేనే ముందు తీసి చూడాల్సింది సార్” అన్నాడు. మంచి కుర్రాడని ముందే చెప్పాను కదా.

వీటన్నిటికన్నా పెద్ద కష్టం ఇంకోటి వచ్చి పడింది. సోమవారం ఆఫీసుకి వెళ్ళేసరికి నా కిటికీ ముందు పదిహేడు మంది నిలబడి ఉన్నారు. అందులో మా కంపెనీవాళ్ళు పదకొండు మందే! మిగతావాళ్ళు రేవులో వేరే ఆఫీసుల నుంచి వచ్చినవాళ్ళు. తప్పు ఒప్పుకునే బాబు ఒకాయన ఇక్కడున్నాడని ఎవరో చెప్పారట.

వరసలో మొదట నిలబడింది గంగాలమ్మ. ఏడెనిమిదేళ్ళుగా మా గోడౌన్లు ఊడుస్తోంది. ఆమె పేరు ఇంకేదో లిస్టులోంచి పోయింది. ఏ లిస్టో ఆమెకీ సరిగ్గా తెలీదు.

నేను బీరువా తాళం తీశాను. రిజిస్టరు దింపాను. తుమ్మాను. గంగాలమ్మ ఊచలకు మొహం ఆనించి, నా వేలు ఎటు వెళ్తే అటు చూస్తోంది.

“మరి బాబూ,” అంది, “ఈ ఆపీసులో మీరొక్కరేనేటి తప్పులు సేసేది? ఆ పెద్ద పెద్ద బాబులెవలూ సెయ్యరేటి?”

“చెయ్యరమ్మా,” అన్నాను పేజీ తిప్పుతూ. “వాళ్ళకి కంప్యూటరుంది.”